రథం ఎక్కింది ఎవరు?

తిరుచానూరులో పద్మసరోవరం వెనక వీధిలో వాదించుకున్న ఈ అత్తాకోడళ్ళ పేర్లు రాయను. కోడలంటే కొడుకు పెండ్లాం కాదు, అన్న కూతురు. హైదరాబాదులో నర్సు, ఐసీయూలో డ్యూటీ. అత్త తెలుగు టీచరుగా రిటైరైంది. రోజూ అమ్మవారి దర్శనం చేసుకుంటుంది. ఉపన్యాసం ఎక్కడ జరిగినా ముందు వరసలో ఆమె ఉంటుంది. శాస్త్రం ఎత్తితే పుస్తకం భాష, కోపమొస్తే చిత్తూరు భాష. ఆ అన్న పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి కోడలు వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే హైదరాబాదు శివార్లలోని ధమ్మఖేత్తలో పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరం ముగించుకుంది. కార్యం అయిపోయి చుట్టాలు వెళ్ళాక అత్త ఇంటి వసారాలో నడిచిన వాదన ఇది. పక్కింటివాణ్ణి కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

అత్త: మీ నాయన సంవత్సరీకం పూట నీ కంట్లో చుక్క నీళ్ళు లేవు. చూసినోళ్ళు ఏమనుకుంటారో అని కాదు. నాకే కడుపు మండింది.

కోడలు: ఏడుపొచ్చిందత్తా. గొంతు దగ్గర పట్టింది, రొమ్ములోకి దిగింది, కాసేపటికి సడలింది. చూస్తా కూచున్నా.

అత్త: ఏడుపును చూసేదేంది మే? ఏడుపంటే ఏడ్చేదే గానీ.

కోడలు: అక్కడ నేర్పించేది అదే. మొదట మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనిస్తాం, ఇంకేం లేదు. నాలుగో రోజు నుంచి తల మొదలు కాలి వేళ్ళ దాకా ఒంట్లో ఏం తెలుస్తా ఉంటే దాన్ని చూసుకుంటా పోవాల. నొప్పి, దురద, వేడి, తిమ్మిరి. హాయిగా ఉంటే పట్టుకోకూడదు, బాధగా ఉంటే తోసెయ్యకూడదు. తెల్లారుజామున నాలుక్కు గంట కొడతారు, రాత్రి తొమ్మిది దాకా ఇదే పని. ఎవరితోనూ మాటల్లేవు, సైగలు కూడా లేవు.

అత్త: ఇంత చేస్తే కడాకు తేలిందేంది?

కోడలు: నేను, నాది అనుకునే దాంట్లో ఒక్కటీ నా మాట వినదని. సారనాథ్‌లో ఆ ఐదుగురు శిష్యులకు బుద్ధుడు చెప్పిన రెండో బోధ ఇదేనంటారు. ఒళ్ళు, తెలిసే సుఖదుఃఖాలు, గుర్తుపట్టడం, లోపల పుట్టే సంకల్పాలు, ఎరుక. ఈ ఐదిట్లో దేన్నైనా 'ఇట్లుండు' అంటే ఉంటుందా? నా మాట వినని దాన్ని నేను అని ఎట్లా అంటాను? ఐసీయూలో రోజూ చూసేదే ఇది. గుండె ఆగేటప్పుడు ఎవర్నీ అడిగి ఆగదు.

అత్త: మాట వినకపోతే నాది కాదా? నా క్లాసులో సగం మంది నా మాట వినలేదు. అంతమాత్రాన నేను టీచర్ని కాకపోయినానా?

కోడలు: నవ్వించి తప్పించుకుంటా ఉండావు.

అత్త: నవ్వించడానికి కాదు, విను. పుట్టింట్లో ఫలానా వాళ్ళ కూతుర్ని, అత్తింట్లో ఫలానా వాళ్ళ కోడల్ని, ఆ తర్వాత ఫలానా వాళ్ళ అమ్మని. రిటైరై పెన్షను బుక్కు మీద పేరు చూసుకున్న రోజున, ఓహో నేనంటూ ఒకదాన్ని ఉన్నానే అనుకున్నా. ఆడదానికి 'నేను' అనే మాట అంత లేటుగా దక్కుతుంది. దాన్ని కూడా ఇప్పుడు నువ్వొచ్చి లేదంటావా? 'నేను' నిండా ఉన్న మగోళ్ళకు చెప్పుకో పో.

ఈ మాటకు కోడలు చాలాసేపు ఏమీ అనలేదు. ధ్యానం, ఆత్మ గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. ఈ ప్రశ్న వాటిలో ఎక్కడా కనబడలేదు. రాజ్యం విడిచిపెట్టేందుకు ముందు రాజ్యం ఉండాలి కదా.

కోడలు: బుద్ధుడు లేదని కూడా అనలేదత్తా. వచ్చగోత్తుడని ఒక పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉందా అని అడిగితే ఊరకున్నాడు. అయితే లేదా అంటే అప్పుడూ ఊరకున్నాడు. ఉందంటే ఒక మొండిపట్టు, లేదంటే ఇంకో మొండిపట్టు.

అత్త: అడిగిన ప్రశ్నకు ఊరకుండేవాణ్ణి మా బడిలో బెంచీ ఎక్కించేవాళ్ళం.

కోడలు: ఆడవాళ్ళ సంగతి ఎత్తినావు కాబట్టి చెప్తా. ఆయన సంఘంలో భిక్షుణులు చెప్పిన పద్యాలన్నీ చేర్చి థేరీగాథ అని ఒక పుస్తకమే ఉంది. పటాచార అని ఒకామె మొగుణ్ణీ ఇద్దరు బిడ్డల్నీ పోగొట్టుకుంది, పుట్టింటికి పోతే అమ్మా నాయనా తమ్ముడూ కూడా పోయినారని తెలిసింది. ఒంటి మీద బట్ట కూడా తెలీకుండా పిచ్చిదై తిరిగింది. ఆమెను ఏడ్వొద్దని ఎవురూ అనలేదు. తెలివి తెచ్చుకోమన్నారు, అంతే. తర్వాత భిక్షుణుల్లో వినయం అనే సంఘ నియమాలు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదని పేరు తెచ్చుకుంది.

అత్త: మరి ఆ సంఘంలోకి ఆడోళ్ళను ముందు రానిచ్చినాడా? పెంచిన తల్లి, సొంత పినతల్లి ప్రజాపతి గౌతమి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ కాదన్నాడు. శిష్యుడు ఆనందుడు అడ్డం పడితే గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా ఎనిమిది షరతులు. నేనూ చదివినాలే.

కోడలు: అది నిజం. దాన్ని నేను వెనకేసుకు రాను.

అత్త: సరే, నేను లేను అనే దాన్ని లెక్క కట్టి చూపించు.

కోడలు: నీ అమ్మవారి రథంతోనే చూపిస్తా. మిళిందుడనే యవన రాజుకు నాగసేనుడు చెప్పిన మాట ఇది. బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో నాడు రథం లాగుతారు కదా. చక్రం రథమా? ఇరుసా? పగ్గమా? పైన గుడ్డల గోపురమా? ఏదీ కాదు. అన్నీ విప్పి పక్కన పెడితే రథం యాడుంది? అన్నీ చేరినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరు రథం. నేను అనేదీ అట్లాంటిదే.

అత్త: (నవ్వి) ఇంత దూరం వచ్చి, ఈ వీధిలో కూచోని, రథంలో కట్టె ముక్కలు లెక్కపెట్టుకున్నావు గానీ రథం ఎందుకు కట్టినారో చూడలేదే! రథం ఎక్కింది ఎవరు? అమ్మవారు. కఠోపనిషత్తులోనూ రథం ఉంది. ఒళ్ళు రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు. ఆత్మ ఎక్కి కూచున్నవాడు. మీ నాగసేనుడు ఖాళీ రథం చూపించి రాజును ఒప్పించినాడు. ఎక్కినవాళ్ళెవరని ఆ రాజు అడగాల్సింది.

కోడలు: ఎక్కినవాళ్ళు ఉన్నారని ముందే అనుకుంటే కనబడతారు. నేను పదిరోజులు వెతికినా. కనబడలేదు.

అత్త: వెతికింది ఎవరు?

వాదం ఇక్కడికి రాగానే ఇద్దరూ ఆగిపోతారని అనుకున్నాను. సుమారు రెండువేల ఏళ్ళుగా ఈ దేశంలో బౌద్ధులూ వైదికులూ ఆగిపోయిన చోటే ఇది. అత్త ఆగలేదు.

అత్త: రామానుజులు శ్రీభాష్యంలో బౌద్ధుల నాలుగు మతాలనూ వరసగా ఖండించినారు. క్షణక్షణం అన్నీ పుట్టి పోతా ఉంటే, నిన్న చూసినవాడు పోయినట్టే కదా? మరి 'నిన్న చూసింది నేనే' అని ఈ రోజు ఎవురు గుర్తుపడతా ఉండారు? మీ నాయన చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద కూచోబెట్టుకోని యోగిమల్లవరం గుడికి తీసుకుపోయినాడు. అది తలుచుకోని నేను ఇప్పుడు ఏడుస్తా ఉంటే, ఆ సైకిల్ ఎక్కిన పిల్లా ఈ ముసల్దీ వేరేవేరే అంటావా?

కోడలు: వేరే అని అనను, ఒకటే అనీ అనను. మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం. రాత్రి నర్సు రాసిన కేస్ షీటు చదివి, ఆమె చెప్పింది విని, పొద్దుటి నర్సు అక్కడి నుంచి అందుకుంటుంది. ఏ మందు ఎప్పుడిచ్చినారో అంతా తెలుస్తుంది. నర్సు మాత్రం మారిపోయింది. జ్ఞాపకం కూడా అట్ల ఒక క్షణం నుంచి ఇంకో క్షణానికి అందుతుంది. మొదటి నుంచీ కడా దాకా ఒకే మనిషి కూచోని ఉండాల్సిన పన్లేదు.

అత్త: బాగా చెప్పినావు. మంచం మీద పేషెంటు మారినాడా?

కోడలు: ...

అత్త: నర్సులు మారినా, షీట్లు మారినా మంచం మీద ఉండేది ఒకరే కదా? వైద్యమంతా ఆ ఒక్కరి కోసమే కదా? ఆత్మ అని నేననేది ఆ పేషెంటును.

ఇక్కడ అత్తదే పైచేయి అని నాకనిపించింది. పేషెంటు కూడా మారుతూనే ఉంటాడనీ, వచ్చినప్పుడున్న ఒళ్ళు పోయేటప్పుడు ఉండదనీ కోడలు అంది గానీ, ఆ మాటలో ముందున్న ఊపు లేదు. ఆపైన తండ్రి మీదికి మళ్ళింది.

కోడలు: నాయనకు కోపమొస్తే దవడ బిగించేవాడు, గుర్తుందా? ఆరో రోజు కదలకుండా గంట కూచోమన్నారు. మోకాలు మండుతా ఉంటే నా దవడ అట్లే బిగుసుకుంది. అదే బిగువు. నా కోపం అనుకున్నా ఇన్నాళ్ళూ. అది నాయనది, నాయనకు తాతది అయ్యుంటుంది. నా గొంతులో పాటలు నువ్వు నేర్పినవి. నా భయాలు అమ్మవి. అన్నీ ఎవరివో తెలిసినాక నేను అని పట్టుకోడానికి ఏం మిగలలేదు. దానికి బాధేం కాలేదత్తా. బరువు దిగినట్టుండింది.

అత్త: అది మా అన్నదని గుర్తుపట్టినావంటే మా అన్న ఉన్నాడనే కదా. సరే, మీ తమ్ముడు పెట్టిన పిండం ఎవరికి చేరింది? లేనివాడికి పెట్టినాడా?

కోడలు: బౌద్ధుల్లోనూ పోయినవాళ్ళ పేరు మీద దానం చేసి పుణ్యం పంచుతారు. శిబిరంలో కడా రోజు మైత్రీ భావన అని చేయిస్తారు. అందరూ సుఖంగా ఉండాలని కోరుకోవడం. అప్పుడు నాయన్ను తలుచుకున్నా. నువ్వడిగిన చుక్క నీళ్ళు ఆ రోజే అయిపోయినాయి.

అత్త మాట మార్చి లోపలికి పోయి కాఫీ తెచ్చింది. ఆమె కోపంలో సగం ఇక్కడే పోయింది. వాదం మాత్రం పోలేదు. ఆనందం, కోరిక అనే దగ్గర నిజంగా గట్టిగా పట్టుకున్నారు.

కోడలు: కోరికలోనే ఉంది తిప్పలంతా. హాయిగా తెలిస్తే ఇంకా కావాలని, బాధ తెలిస్తే వద్దని. ఆ సందులోనే దాహం పుడుతుంది. దాన్ని అక్కడ పట్టుకుంటే తర్వాతది నడవదు.

అత్త: నువ్వు కూచున్నది ఏ ఊరు? వైకుంఠం వదిలి అమ్మవారు పోతే, స్వామి ఈ కోనేటి గట్టున పన్నెండేండ్లు తపస్సు చేసినాడని స్థలపురాణం. ఎందుకోసం? దాహం చల్లార్చుకోడానికా? ఆమె కావాలని! అప్పుడు కదా కార్తీక శుద్ధ పంచమినాడు బంగారు తామరలో అమ్మ పుట్టింది. ఇప్పటికీ పంచమీతీర్థానికి కొండ మీది నుంచి పసుపు కుంకుమల సారె వస్తుంది. లక్షల మంది ఆ నీళ్ళలో మునుగుతారు. కోరిక పనికిరాదంటే ఈ ఊరే లేదు. నమ్మాళ్వారు ఆడపిల్లై విరహంలో పాడినాడు, అన్నమయ్య జీవితమంతా అలమేలుమంగ శృంగారం పాడినాడు. నువ్వు కోరికను రోగమంటావు. మేం కోరిక ఎవరి మీద పెట్టుకోవాల్నో నేర్చుకుంటాం.

కోడలు: స్వామి పన్నెండేండ్లు కదలకుండా కూచున్నాడు చూడు, అది నాకు నచ్చింది.

అత్త: ఇంగ కొండ మీద ఉండేది బుద్ధుడే అని కూడా అంటావా ఏంది, కొందరు పుస్తకాలు రాసినట్టు?

కోడలు: ఆ గొడవ నాకొద్దత్తా. కానీ ఒకటడుగుతా. నువ్వనేది ఏంది, ఆత్మ ఉంది, అది భగవంతుడి సొత్తు అని. శేషత్వం అంటారు కదా. ఇందాక నేను ఫలానావాళ్ళ కూతుర్ని, ఫలానావాళ్ళ కోడల్ని అయినా అని ఏడ్చినావు. మళ్ళా ఇంకొకరి సొత్తు కావడమేనా? కడాకు దక్కిన 'నేను'ను తీసుకపోయి ఇంకొకరి పాదాల దగ్గర పెట్టినావే?

అత్త: (చాలాసేపటి తర్వాత) నేను అమ్మకు చెందినదాన్నని గట్టిగా అనుకున్న రోజు నుంచే, వంటింట్లో నన్ను వాడుకున్నోళ్ళకు నేను సొత్తు కానని తెలిసింది. నా జీతం నా పేరు మీద బ్యాంకులో వేసుకుంటానని మీ మామకు చెప్పింది ఆ తర్వాతే. నువ్వు 'నేను లేను' అనుకోని విడిపించుకున్నావేమో. నేను 'నేను ఉన్నాను, మీకు కాదు' అనుకోని విడిపించుకున్నా.

నా మటుకు ఈ సంవాదమంతా ఈ మాట కోసమే రాస్తున్నాను. శేషత్వాన్ని బానిసత్వంగా చదివే వ్యాసాలు నేనూ రాశాను, వాటిని ఇప్పుడు దిద్దబోను. కానీ శరణాగతి ఈ పని చేసిన ఇల్లు ఒకటి నా పక్కనే ఉంది.

కోడలు ఒప్పుకుందని కాదు. చెందడం అంటూ ఉంటే భయమూ ఉంటుందనీ, అమ్మ పలకలేదనుకున్న రోజు అత్త ఎంత కుంగిపోయిందో తనకు తెలుసనీ అంది. అత్త అది కాదనలేదు. ఇక డబ్బు సంగతి వచ్చింది. చిత్తూరు వాళ్ళ వాదన అప్పుల దగ్గరికి రాకుండా ఉండదు.

కోడలు: బుద్ధుడు అందర్నీ సన్యాసం పుచ్చుకోమనలేదు. అనాథపిండికుడనే వర్తకుడికి సంసారికి ఉండే నాలుగు సుఖాలు చెప్పినాడు. న్యాయంగా సంపాదించిన ఆస్తి ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, తప్పు చేయలేదన్న ధైర్యం.

అత్త: అప్పు లేకపోవడమా? ఆ సుఖం మా స్వామికే లేదు. ఈ అమ్మను పెండ్లి చేసుకోడానికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు వడ్డీ ఇప్పటికీ కడతా ఉండాడు, కలియుగం అయ్యేదాకా తీరదంట. అయినా చూడు, కొండకు వచ్చినోడు ఎవడూ ఆయన్ను చిన్నచూపు చూడ్డు. ఒకరికి బాకీ పడి ఉండటంలోనూ ఒక సుఖం ఉంది. మీ నాయన చదువు మానేసి నన్ను చదివించినాడు. ఆ అప్పు తీరకూడదనే కోరుకుంటా.

కోడలు: అది వేరే అప్పు.

అత్త: వేరేనే. అయినా అప్పే.

నర్సులకు ఈ ధ్యానం పనికొస్తుందా అని కోడల్ని నేనే అడిగాను. వాళ్ళ ఆసుపత్రిలోనూ మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు పెట్టారట. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ 1979లో నొప్పులతో బతికే రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు ఫోన్లలో యాప్‌లై తిరుగుతోంది.

కోడలు: రాత్రి డ్యూటీకి ఇద్దరు నర్సులు తక్కువుంటారు. ఆ ఇద్దర్నీ వెయ్యమంటే వెయ్యరు, ఊపిరి చూసుకోమని క్లాసు పెడతారు. దాన్ని నేను ధ్యానం అనను.

అత్త: నేను చెప్పాల్సింది నువ్వే చెప్పినావు. ఓర్చుకోవడం నేర్పించేవాళ్ళని చూస్తే నాకు అనుమానం. ఆడోళ్ళకు ఆ పాఠం వేల ఏండ్లు చెప్పినారు.

కోడలు: ఓర్చుకోవడం కాదు, కండ్లు తెరుచుకోని ఉండటం. తీహార్ జైల్లో 1994లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి ఈ శిబిరం చేసినారు. జైలు గోడలు కూలలేదు, నిజమే. లోపలున్న మనిషికి తన కోపం ముందుగా తెలిసింది. అది చిన్న విషయమా?

అత్త: మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి దగ్గరికి పొయ్యి ఈ మాట చెప్పుంటే? 1929లో తన కోసం కట్టిన సంఘాన్నే రద్దు చేసినవాడు. ఏ గురువూ వద్దు, ఏ పద్ధతీ వద్దు అన్నాడు. నాలుగింటికి గంట కొట్టి, గంటసేపు కదలొద్దనే మీ టైం టేబుల్‌ను ఆయన ఒప్పుకునేవాడా?

కోడలు: ఒప్పుకునేవాడు కాదు. కానీ మా వార్డు మనిషికి పద్ధతి కావాల. ఏ పద్ధతీ లేకుండా మేలుకోమంటే నేను ఇంకో వెయ్యేండ్లు నిద్రపోతా.

అత్త: ఎవురు నేర్పించినారు మీకు? ఏ స్వామీజీ?

కోడలు: స్వామీజీ కాదు. గోయెంకా అని, 1924లో మాండలేలో పుట్టిన వ్యాపారస్తుడు. పెండ్లాం బిడ్డలున్న మనిషి. విడవని తలనొప్పికి మార్ఫిన్ సూదులు వేయించుకుంటా, 1955లో ఊ బా ఖిన్ దగ్గరికి పోయినాడు. ఆ గురువు బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. గోయెంకా 1969లో మన దేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టినాడు. 1976లో ఇగత్‌పురిలోనూ హైదరాబాదులోనూ కేంద్రాలు వచ్చినాయి. 2013లో పోయినాడు. ఇప్పుడు ఆయన గొంతు రికార్డు వేసి నేర్పిస్తారు.

అత్త: ఆఫీసుకు పొయ్యి జీతం తీసుకున్న గురువా! అది బాగుంది. ఫీజెంత?

కోడలు: లేదు. అన్నం, పడక, అన్నీ ఊరకే. అంతకుముందు శిబిరం చేసినోళ్ళు ఇచ్చిన డబ్బుతో నడుస్తుంది. ఒక్కసారైనా పూర్తి చేయకుండా మనం ఇస్తామన్నా తీసుకోరు.

అత్త: అట్లయితే పది రోజులు ఎవరో ముక్కూ మొహం తెలీనోళ్ళు పెట్టిన అన్నం తినొచ్చి, ఎవరూ లేరు అని నాకు చెప్తా ఉండావు.

కోడలు: ఎవరూ లేరని కాదత్తా...

అత్త: మానసికంగా బాగా దెబ్బతిన్నోళ్ళను చేర్చుకోరంట కదా, యాడో విన్నా.

కోడలు: పెద్ద జబ్బున్నోళ్ళను వద్దంటారు. ముందే ఫారంలో అన్నీ రాయాల. అది మంచిదే, పది రోజుల మౌనం అందరికీ మందు కాదు. ఐసీయూలో పనిచేసేదాన్ని, ఆ మాట నేనే చెప్తా.

అత్త: మోకాళ్ళు మడవలేనోళ్ళకు?

కోడలు: కుర్చీ ఇస్తారు.

అత్త: రాత్రికి భోజనం?

కోడలు: కొత్తోళ్ళకు సాయంత్రం ఐదింటికి టీ, పండ్లు. ఇంకోసారి పోతే నిమ్మకాయ నీళ్ళే.

అత్త: తులసిమాల?

కోడలు: తీసి వాళ్ళ దగ్గర పెట్టాల. పూజలు, జపం, ఏ మంత్రమూ ఆ పది రోజులు చెయ్యకూడదు.

అత్త: అట్లయితే నేను రాను.

కోడలు: నిన్ను రమ్మని ఎవరన్నారత్తా?

అత్త: ఎవరూ అన్లేదు. ముందే చెప్తా ఉండా.